వాడటానికి వీలైన వెబ్‌సైట్ ఎలా ఉంటుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో క్లినిక్‌కో, చీరల షాపుకో, కోచింగ్ సెంటర్‌కో, అపార్ట్‌మెంట్ సంఘానికో సైట్ చేయించుకునేవాళ్లు, డిజైన్ నేర్చుకునే విద్యార్థులు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. కొన్నిటికి జవాబు రెండు మాటల్లో అయిపోతుంది. ఫారాలు, తెలుగు అక్షరాలు, మనుషులతో పరీక్షించడం గురించి మాత్రం వివరంగా రాశాం. సైట్లు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే.

చూడటానికి అందంగా ఉంటే మంచి వెబ్‌సైటే కదా?

అది చాలదు. సైట్‌కి వచ్చేవాళ్లు ఏదో ఒక పని మీద వస్తారు. డాక్టరు గారు ఈ సాయంత్రం ఉంటారా, ఫీజు ఎంత, పార్కింగ్ ఉందా, ఆర్డర్ ఎక్కడిదాకా వచ్చింది, ఇలాంటివి. ఆ పని తడబడకుండా పూర్తయితే డిజైన్ బాగున్నట్టు. ఐఎస్ఓ 9241 అనే అంతర్జాతీయ ప్రమాణం కూడా మూడు సంగతులే అడుగుతుంది: పని పూర్తయిందా, ఎంత శ్రమ పడింది, చేసినవాళ్లకి తృప్తిగా అనిపించిందా. మూడూ కొలవగలిగినవే. అందుకే "నాకు ఈ నీలం నచ్చలేదు" అనే వాదనతో డిజైన్ మీటింగ్ మొదలుపెట్టకండి. "పది మందిలో ఎంతమంది అపాయింట్‌మెంట్ తీసుకోగలిగారు" అనే లెక్కతో మొదలుపెట్టండి.

అందానికి విలువ లేదని కాదు. అక్షరాల మధ్య ఊపిరాడే జాగా ఉండి, వరసలు తిన్నగా ఉండి, రంగులు రెండు మూడు మించకపోతే కంటికి హాయిగా ఉంటుంది, పని కూడా సులువవుతుంది.

పేజీ తెరవగానే ఏం కనపడాలి?

ఫోన్‌లో స్క్రోల్ చేయకముందు కనిపించే భాగంలోనే మూడు ప్రశ్నలకు జవాబు దొరకాలి: ఇది ఎవరి సైట్, ఇక్కడ నాకేం దొరుకుతుంది, ఇప్పుడు ఏం నొక్కాలి.

క్లినిక్ సైటే తీసుకోండి. పేరు, ఏ వైద్యం, ఏ ఏరియా, ఈ రోజు ఏ వేళల్లో తెరిచి ఉంటుంది, నొక్కితే నేరుగా కాల్ వెళ్లే ఫోన్ నంబరు, అపాయింట్‌మెంట్ బటన్. ఇంతే. ఆ చోటులో చైర్మన్ సందేశం, బిల్డింగ్ ఫొటో, "మా వెబ్‌సైట్‌కు స్వాగతం" అనే వాక్యం పెడితే రోగికి పనికొచ్చేదంతా కిందికి జారిపోతుంది.

అడ్రస్ విషయంలో ఈ ఊరికి ఒక పద్ధతి ఉంది. ఇంటి నంబరు చూసి దారి కనుక్కునేవాళ్లు తక్కువ. మెట్రో పిల్లర్ నంబరు, ఫలానా గుడి ఎదురు సందు, ఫలానా బేకరీ పక్కన అంటేనే ఆటో అతనికి తెలుస్తుంది. కాబట్టి పోస్టల్ అడ్రస్ కింద కొండగుర్తు ఒక లైను రాయండి. మ్యాప్ లింకు మీ గేటు మీదే పిన్ పడేలా ఇవ్వండి. అడ్రస్‌ను వెతికే లింకు ఇస్తే ఒక్కోసారి పక్క కాలనీలో దింపుతుంది.

మెనూలో ఎన్ని అంశాలుండాలి? ఏడు దాటకూడదంటారు, నిజమేనా?

జార్జ్ మిల్లర్ అనే మనస్తత్వవేత్త 1956లో రాసిన వ్యాసం నుంచి ఆ ఏడు పుట్టింది. ఆయన రాసింది కాసేపు మనసులో పట్టి ఉంచుకోగలిగే వాటి గురించి. మెనూ కళ్లెదుటే ఉంటుంది, గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు. "మూడు క్లిక్కుల్లో అన్నీ దొరకాలి" అన్న నియమానికీ ఆధారం లేదు. ప్రతి క్లిక్కూ సరైన దారిలోనే వెళుతోందన్న నమ్మకం ఉంటే జనం ఐదు క్లిక్కులైనా చేస్తారు. ఒక్క తప్పు క్లిక్కు పడితే మాత్రం విసుగొస్తుంది.

అసలు సంగతి మెనూలోని మాటల్లో ఉంది. అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో రెడ్ లైన్, బ్లూ లైన్ కలుస్తాయి. అక్కడ దిగినవాళ్లకి నెట్‌వర్క్ మ్యాప్ మొత్తం అక్కర్లేదు. "రాయదుర్గం వైపు" అన్న బోర్డు, బాణం గుర్తు చాలు. మెనూ మాట కూడా అలాగే చేరే చోటు పేరు చెప్పాలి. "సొల్యూషన్స్", "రిసోర్సెస్" అంటే లోపల ఏముందో ఊహించడం కష్టం. "ఫీజులు", "బ్యాచ్ టైమింగ్స్", "పాత ప్రశ్నపత్రాలు" అంటే ఎవరికైనా అర్థమవుతుంది.

ఏది ఏ పేరు కింద ఉండాలో తేలకపోతే చీటీల పద్ధతి పెట్టండి. సైట్‌లో ఉండే విషయాలను 30 నుంచి 40 చీటీల మీద ఒక్కొక్కటిగా రాయండి. మీ సంస్థతో సంబంధం లేని పదిహేను మందిని విడివిడిగా కూర్చోబెట్టి, కలిసి ఉండాల్సినవి కలిపి కుప్పలుగా పెట్టమనండి, ప్రతి కుప్పకి పేరు కూడా వాళ్లనే పెట్టమనండి. ఎక్కువమంది కలిపిన చీటీలు ఒక మెనూ అవుతాయి. ఒకే చీటీ తలొకరి చేతిలో తలొక కుప్పలో పడితే దాని పేరే సరిగ్గా లేదన్నమాట.

ఫోన్‌లో మూడు గీతల గుర్తు వెనక మెనూ అంతా దాచేయడం అలవాటైపోయింది. ఎక్కువగా వాడే మూడు నాలుగు అంశాలను బయటే పెట్టి మిగతావి దాచండి.

తెలుగు అక్షరాలు మా సైట్‌లో ఇరుగ్గా, ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు ఉన్నాయి. ఎందుకు?

ఇంగ్లిష్ కోసం చేసిన టెంప్లేట్‌లో తెలుగు పోసినందుకు. తెలుగు అక్షరానికి పైన గుడి, ఏత్వం, కింద వత్తులు ఉంటాయి. "స్త్రీ", "రాష్ట్రం", "కర్తృత్వం" లాంటి మాటలు కిందికి బాగా దిగుతాయి. ఇంగ్లిష్‌కి లైన్ల ఎత్తు అక్షర పరిమాణానికి 1.4 రెట్లు ఉంటే సరిపోతుంది. తెలుగుకి 1.6 నుంచి 1.8 ఇవ్వండి. అక్షరాన్ని 17 లేదా 18 పిక్సెళ్ల కంటే చిన్నది చేయకండి. శీర్షికల్లో లైన్ల ఎత్తు 1.1 అని పెట్టే టెంప్లేట్లు చాలా ఉంటాయి, పై లైను వత్తులు కింది లైను గుడులకు తగిలేది అక్కడే. దాన్ని 1.4 చేయండి.

ఇంకో నాలుగు జాగ్రత్తలు. అక్షరాల మధ్య దూరం పెంచే సెట్టింగ్ తెలుగుకి వాడొద్దు, గుణింతం విడిపోయినట్టు కనపడుతుంది. వాలు అక్షరాలు తెలుగుకి నప్పవు, నొక్కి చెప్పాలంటే బోల్డ్ వాడండి. రెండు అంచులూ సమానంగా లాగే అమరిక వద్దు. తెలుగు మాటలు పొడవు, లైనుకి నాలుగైదే పడతాయి, మధ్యలో గుంతలు తేలతాయి. బటన్‌కి వెడల్పు బిగించొద్దు. ఇంగ్లిష్‌లో "బుక్" అన్న నాలుగక్షరాల మాట తెలుగులో "అపాయింట్‌మెంట్ తీసుకోండి" అయ్యేసరికి బటన్ దాటి బయటికొస్తుంది.

ఫాంటు: చిన్న అక్షరాలకు నోటో సాన్స్ తెలుగు, మండలి, హింద్ గుంటూరు నిదానంగా చదివిస్తాయి. రామభద్ర, ధూర్జటి, రవి ప్రకాష్ లాంటివి శీర్షికలకు బాగుంటాయి, పేరాలకు కాదు. ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. ఒక సైట్‌కి రెండు ఫాంట్లు చాలు. ఫాంటు వచ్చేలోపు ఫోన్‌లో ఉన్న తెలుగు ఫాంటే కనిపించేలా ఫాంట్-డిస్‌ప్లే విలువను స్వాప్ అని పెట్టండి, లేకపోతే కాసేపు పేజీ ఖాళీగా కనిపిస్తుంది.

కరపత్రం కోసం డీటీపీ చేయించిన తెలుగు మ్యాటర్‌ను సైట్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులొస్తున్నాయి. ఏం చేయాలి?

అది అను లాంటి పాత ఫాంట్లలో కొట్టిన మ్యాటర్. వాటిలో తెలుగు అక్షరం లోపల నిజానికి ఇంగ్లిష్ అక్షరమో గుర్తో ఉంటుంది, ఫాంటు దానికి తెలుగు బొమ్మ తొడుగుతుంది. ఫాంటు లేని చోట ముసుగు తొలగిపోతుంది. దాన్ని యూనికోడ్‌లోకి, అంటే ఏ ఫోన్‌లోనైనా తెలుగుగానే కనిపించే పద్ధతిలోకి, మార్చే కన్వర్టర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. మార్చాక ఒకసారి తప్పకుండా చదవండి, వత్తులు, అంకెలు, కొటేషన్ గుర్తులు తారుమారవుతాయి.

కొందరు ఈ తలనొప్పి తప్పించుకోవడానికి కరపత్రాన్నే ఫొటోగా పెట్టేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఫొటోలోని ధర గూగుల్ వెతుకులాటలో తగలదు, చూపు లేనివారికి వినపడదు, ఫోన్‌లో వేళ్లతో పెద్దది చేస్తే తప్ప ఎవరికీ చదవడానికి రాదు.

రంగులు ఎలా ఎంచుకోవాలి?

ఇష్టం మీ ఇష్టమే, కానీ అక్షరానికీ వెనక రంగుకీ మధ్య తేడా కొలిచి చూడాలి. వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ అనే సంస్థ, సైట్లను అందరూ వాడగలిగేలా చేయడానికి నిర్దేశించిన డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాల ప్రకారం మామూలు అక్షరాలకు కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకు 3:1 కాంట్రాస్ట్ ఉండాలి. తెల్ల పేజీ మీద 777777 కోడ్ ఉన్న బూడిద రంగుకి 4.48 వస్తుంది, తప్పినట్టే. 767676 అయితే 4.54, గట్టెక్కినట్టే. కంటికి రెండూ ఒకటే అనిపిస్తాయి, అందుకే సాధనంతో కొలవమంటున్నాం. తెలుపు మీద ముదురు ఎరుపు నిలుస్తుంది గానీ నిగనిగలాడే అచ్చ ఎరుపుకి 4 మాత్రమే వస్తుంది. పసుపు బటన్ మీద తెల్ల అక్షరాలు మన దగ్గర చాలా సైట్లలో కనిపిస్తాయి, వాటికి 2 కూడా రాదు. అదే పసుపు మీద నలుపు పెడితే 19 దాటుతుంది.

ఇది కేవలం కంటిచూపు తగ్గినవాళ్ల కోసం కాదు. ఏప్రిల్ ఎండలో ట్యాంక్‌బండ్ మీద నిలబడి ఫోన్ చూసేవాళ్లందరికీ కావాలి.

రంగు ఒక్కదాని మీదే అర్థం మోపకండి. ఖాళీ స్లాట్లు పచ్చగా, నిండినవి ఎర్రగా చూపితే ఆ రెండు రంగుల తేడా పట్టలేనివాళ్లకి అన్నీ ఒకేలా ఉంటాయి. పక్కన "ఖాళీ", "నిండింది" అని రాయండి.

బటన్ ఎంత పెద్దదిగా ఉండాలి?

2023లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 ప్రకారం కనీసం 24 పిక్సెళ్ల పొడవు, 24 పిక్సెళ్ల వెడల్పు. అది అట్టడుగు హద్దు. ఆపిల్ 44, ఆండ్రాయిడ్ 48 యూనిట్లు ఉండాలంటాయి, మీరు 48 పాటించండి. రెండు బటన్ల మధ్య 8 పిక్సెళ్లైనా ఎడం ఉండాలి, "రద్దు", "చెల్లించండి" లాంటి వాటి మధ్య ఇంకా ఎక్కువ. బస్సులో ఒక చేత్తో కడ్డీ పట్టుకుని రెండో చేతి బొటనవేలితో నొక్కే మనిషిని మనసులో పెట్టుకోండి.

బటన్ మీద జరగబోయే పని రాయండి. "సమర్పించు" అనేది ఆఫీసు కాగితాల భాష. "ఆర్డర్ పెట్టండి", "₹500 చెల్లించండి" అంటే నొక్కేముందే ఏం జరగబోతోందో తెలుస్తుంది. "లాగిన్", "ఓటీపీ", "డౌన్‌లోడ్" జనం నోట ఉన్న మాటలే, వాటిని బలవంతంగా తెలుగు చేస్తే ఎవరికీ అర్థం కాదు.

మా ఫారం సగంలో వదిలేసి వెళ్లిపోతున్నారు. తప్పు ఎక్కడుంది?

చాలావరకు అడగాల్సిన అవసరం లేనివి అడగడంలో. ప్రతి గడి పక్కన "దీనితో మనం ఏం చేస్తాం?" అని రాసుకుని చూడండి. జవాబు లేనిది తీసేయండి. కోచింగ్ డెమో క్లాసుకి పేరు, ఫోను, ఏ కోర్సు అన్నవి చాలు. తండ్రి వృత్తి చేరేటప్పుడు అడగొచ్చు.

మిగతా తప్పుల్లో ఎక్కువ భాగం, వేరే దేశపు టెంప్లేట్‌ను అలాగే దింపుకోవడం వల్ల వచ్చేవి.

పేరు: మొదటి పేరు, చివరి పేరు అని రెండు గడులు తప్పనిసరి చేస్తారు. మనకి ఇంటిపేరు ముందొస్తుంది, చాలామందికి అది ఒక్క అక్షరమే. "కనీసం రెండు అక్షరాలు ఉండాలి" అని ఫారం మొండికేస్తుంది, పాపం ఆ మనిషి తన పేరునే మార్చి రాయాల్సి వస్తుంది. "పూర్తి పేరు" అని ఒకే గడి ఇవ్వండి. ఆధార్‌తో సరిపోవాలంటే "ఆధార్‌లో ఉన్నట్టు" అని పైనే రాయండి.

ఇంటి నంబరు: హైదరాబాద్ ఇంటి నంబర్లలో అంకెల ముక్కల మధ్య అడ్డగీతలు, ఆపైన ఏటవాలు గీత, చివర ఒక అక్షరం ఉంటాయి. "ప్రత్యేక గుర్తులు అనుమతించం" అనే నిబంధన పెడితే సగం నగరం తన అడ్రస్ రాయలేదు.

ఫోన్ నంబరు: కాంటాక్ట్స్ నుంచి కాపీ చేస్తే ముందు ప్లస్ 91, సున్నా, మధ్యలో ఖాళీలు వస్తాయి. వాటిని మీ కోడ్ తీసేసుకోవాలి, మనిషిని దిద్దమనకూడదు. అంకెలు మాత్రమే కావాల్సిన గడికి ఇన్‌పుట్‌మోడ్ విలువను న్యూమరిక్ చేస్తే ఫోన్‌లో అంకెల కీబోర్డే తెరుచుకుంటుంది. అయితే గడి రకాన్ని నంబర్ అని పెట్టొద్దు, ముందున్న సున్నాలు ఎగిరిపోయే ప్రమాదం ఉంది.

పుట్టిన తేదీ: క్యాలెండర్ తెరిచి ఒక్కో నెలా వెనక్కి జరుపుతూ 1962 దాకా వెళ్లమనడం పెద్దవాళ్లని శిక్షించడమే. రోజు, నెల, సంవత్సరం మూడు గడుల్లో టైప్ చేయనివ్వండి. రేపటి అపాయింట్‌మెంట్ తేదీకి మాత్రం క్యాలెండరే మంచిది, ఏ వారమో కనపడుతుంది కాబట్టి.

గడి పేరును గడి లోపల లేత అక్షరాలతో రాయొద్దు, టైప్ చేయగానే మాయమవుతుంది. గడి పైన శాశ్వతంగా ఉంచండి. గడిలో అక్షరం 16 పిక్సెళ్ల కంటే చిన్నదైతే ఐఫోన్‌లో పేజీ తనంతట తానే పెద్దదై పక్కకి జరిగిపోతుంది.

తప్పు పడినప్పుడు మూడు పనులు జరగాలి: ఏ గడిలో తప్పో దాని పక్కనే చూపాలి, ఎలా సరిచేయాలో చెప్పాలి, మిగతా గడుల్లో రాసింది చెరిగిపోకూడదు. "చెల్లని విలువ" అనొద్దు. "పిన్ కోడ్‌లో 6 అంకెలుండాలి, మీరు 5 ఇచ్చారు" అనండి. టైప్ చేస్తుండగానే ఎర్రగా అరవొద్దు, గడి దాటాక చెప్పండి.

ఓటీపీ, యూపీఐ దగ్గర ఎక్కువమంది ఆగిపోతున్నారు. ఏం చూసుకోవాలి?

ఓటీపీ కోసం మెసేజ్‌లలోకి వెళ్లి తిరిగొచ్చేసరికి పేజీ మళ్లీ మొదటినుంచి లోడ్ అవుతుంది. తక్కువ మెమరీ ఉన్న ఫోన్లు వెనకున్న ట్యాబ్‌ను మూసేస్తాయి మరి. అందుకని నింపిన వివరాలను బ్రౌజర్‌లోనే ఎప్పటికప్పుడు దాచండి. ఓటీపీ గడికి ఆటోకంప్లీట్ విలువగా వన్-టైమ్-కోడ్ అని ఇస్తే కీబోర్డ్ మీదే కోడ్ కనిపించే అవకాశం ఉంటుంది. ఆరంకెలకు ఆరు విడి గడులు పెడితే పేస్ట్ చేయడం కష్టం, ఒకే గడి పెట్టండి.

ఫోన్‌లో తెరిచిన పేజీలో క్యూఆర్ కోడ్ ఒక్కటే చూపితే ఆ ఫోన్‌తోనే ఎలా స్కాన్ చేస్తారు? ఫోన్‌లో యూపీఐ యాప్ నేరుగా తెరుచుకునే బటన్, కంప్యూటర్‌లో క్యూఆర్ ఉండాలి.

అన్నిటికన్నా భయం పుట్టించేది డబ్బు కట్ అయి బుకింగ్ రాకపోవడం. ఒకసారి నొక్కాక బటన్ మళ్లీ పనిచేయకుండా ఆపండి. సర్వర్ వైపు ఒక ఆర్డర్ నంబరుకి ఒకే చెల్లింపు తీసుకునేలా చేయండి. బ్యాంకు జవాబు ఆలస్యమైతే "విఫలం" అని తొందరపడొద్దు. "మీ చెల్లింపు ఇంకా ఖరారు కాలేదు, మళ్లీ చెల్లించకండి" అని చెప్పి, రిఫరెన్స్ నంబరు, ఎంతసేపట్లో తేలుతుందో, ఎవరికి ఫోన్ చేయాలో అదే పేజీలో చూపండి.

సైట్ ఎంత వేగంగా తెరుచుకోవాలి?

మనిషి ఓపికకు జాకబ్ నీల్సన్ అనే వాడుక సౌలభ్య నిపుణుడు మూడు హద్దులు చెప్పారు. 0.1 సెకను లోపల స్పందిస్తే వెంటనే జరిగినట్టు ఉంటుంది, 1 సెకను దాకా ఆలోచన తెగదు, 10 సెకన్లు దాటితే మనసు వేరే పని మీదికి పోతుంది. గూగుల్ పెట్టిన కొలతలు ఇంకా నిర్దిష్టం: పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనపడాలి, నొక్కినప్పుడు 200 మిల్లీసెకన్లలోపు స్పందించాలి, పేజీ కుదుపు స్కోరు 0.1 దాటకూడదు. ప్రతి వంద సందర్శనల్లో 75కి ఇవి నెరవేరాలి.

కుదుపు అంటే, మీరు బటన్ నొక్కబోతుండగా పైన ఫొటో వచ్చి పడి, బటన్ కిందికి జరిగి, వేలు వేరే దాని మీద పడటం. ప్రతి ఫొటోకీ ముందే పొడవు, వెడల్పు కోడ్‌లో రాస్తే బ్రౌజర్ ఆ చోటు అట్టే ఉంచుతుంది, కుదుపు పోతుంది.

నెమ్మదికి మొదటి ముద్దాయి ఫొటోలే. ఫోన్ కెమెరా నుంచి నేరుగా ఎక్కించిన ఫొటో 4 నుంచి 5 ఎంబీ ఉంటుంది. దాన్ని 1200 పిక్సెళ్ల వెడల్పుకి తగ్గించి వెబ్‌పీ అనే తేలికైన ఫొటో రూపంలో దాస్తే 200 కేబీ లోపే ఉంటుంది, చీర అంచు జరీ కూడా స్పష్టంగానే కనపడుతుంది. కింద ఉన్న ఫొటోలు స్క్రోల్ చేసినప్పుడే దిగేలా పెట్టండి. పైన మొదట కనిపించే ఫొటోకి మాత్రం అలా పెట్టొద్దు, అదే ఆలస్యమవుతుంది.

సర్వర్ ఎక్కడుందో కూడా చూడండి. చవకని అమెరికాలో హోస్టింగ్ తీసుకుంటే ప్రతి రాకపోకకీ అదనంగా ఆలస్యం తోడవుతుంది. ముంబయిలో చాలా కంపెనీల సర్వర్లున్నాయి. అమెజాన్ వెబ్ సర్వీసెస్‌కి 2022 నవంబరు నుంచి హైదరాబాద్‌లోనే రీజియన్, అంటే సర్వర్ల కేంద్రం, ఉంది.

స్లైడర్, పాప్-అప్, దానంతటదే మోగే వీడియో పెట్టొచ్చా?

వద్దు. కదిలే బ్యానర్‌ను జనం ప్రకటన అనుకుని చూపు తప్పిస్తారు. ఉన్నవాటిలో ముఖ్యమైన ఒక్కటి కదలకుండా పెట్టండి.

సెర్చ్ బాక్స్‌లో తెలుగులో వెతికితే ఏమీ రావడం లేదు. సరుకు మాత్రం ఉంది. ఎందుకిలా?

మూడు కారణాలు తరచూ కనిపిస్తాయి. మొదటిది స్పెల్లింగ్: బిర్యానీ, బిరియాని, బిర్యాని అని తలా ఒక రకంగా రాస్తారు. రెండోది, తెలుగు మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టేవాళ్లే ఎక్కువ. ప్రతి సరుకుకీ ఇలాంటి రూపాలన్నీ కనపడని ట్యాగులుగా చేర్చండి.

మూడోది కంటికి కనపడదు. "హైదరాబాద్‌లో" అన్న మాటలో ద్ తర్వాత లకారం కిందికి వత్తుగా దిగకుండా మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనపడని గుర్తు ఉంటుంది. కొన్ని కీబోర్డులు దాన్ని ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. కంప్యూటర్‌కి అవి రెండూ వేరువేరు మాటలు. దాచిన మాటలోనూ వెతికే మాటలోనూ ఆ గుర్తును తీసేసి పోల్చేలా రాయించండి. రెండు లైన్ల కోడ్, ఫలితం పెద్దది.

తెలుగు, ఇంగ్లిష్, ఉర్దూ మూడింటిలోనూ సైట్ ఉండాలా?

అది మీ దగ్గరికి వచ్చేవాళ్లను బట్టి. తెలంగాణలో ఉర్దూ రెండో అధికార భాష, పాతబస్తీలో పని ఉన్న సంస్థకి అది మర్యాద కూడా. ఉర్దూ కుడి నుంచి ఎడమకి నడుస్తుంది కాబట్టి అక్షరాలే కాదు, పేజీ అమరిక అంతా అద్దంలో చూసినట్టు తిరగాలి: మెనూ కుడివైపుకి, "తర్వాత" బాణం ఎడమవైపుకి. ఉర్దూ రాసే నస్తాలీఖ్ శైలికి లైన్ల ఎత్తు తెలుగు కంటే ఇంకా ఎక్కువ కావాలి.

భాష మార్చే బటన్ మీద జెండా బొమ్మలు వద్దు, ఆ భాష పేరును ఆ లిపిలోనే రాయండి. భాష మార్చగానే హోమ్ పేజీకి తోసేయకుండా, ఉన్న పేజీలోనే ఉంచండి. సగం పేజీలే అనువాదమై ఉంటే ఆ భాషను ఇంకా బయటపెట్టకండి.

చూపు లేనివారు మా సైట్ వాడగలరో లేదో ఎలా తెలుసుకోవాలి?

మీరే వాడి చూడండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్, అంటే తెర మీద ఉన్నది చదివి వినిపించే సాధనం, ఆన్ చేసి, స్క్రీన్‌ని చూడకుండా, మీ సైట్‌లో ఒక ఆర్డర్ పెట్టండి. వేలు కుడికి జరిపితే తర్వాతి అంశం చదువుతుంది, రెండుసార్లు తడితే నొక్కినట్టు. "బటన్, బటన్, బటన్" అని మాత్రమే వినపడితే మీ బొమ్మ బటన్లకి పేర్లు లేవన్నమాట. విండోస్ కంప్యూటర్‌లో అయితే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం. మౌస్ పక్కన పెట్టి ట్యాబ్ కీతోనే పేజీ అంతా తిరగండి. ఎక్కడున్నారో ప్రతి అడుగులోనూ కంటికి కనపడాలి.

పేజీ కోడ్ మొదట్లో భాష తెలుగు అని ప్రకటించారా చూడండి. ఇంగ్లిష్ అని వదిలేస్తే స్క్రీన్ రీడర్ ఇంగ్లిష్ గొంతుతో తెలుగును చదవబోయి తికమకపడుతుంది. ఫొటోలకి వివరణ రాయండి: "ఐఎంజీ 2043" కాదు, "ఎర్ర అంచు ఆకుపచ్చ పోచంపల్లి ఇకత్ చీర".

చట్టం సంగతి కూడా ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం డిజిటల్ సేవలకూ వర్తిస్తుంది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలు అందరికీ అందడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని తీర్పు చెప్పింది. ప్రభుత్వ సైట్లకు జీఐజీడబ్ల్యూ అనే మార్గదర్శకాలు ప్రత్యేకంగా ఉన్నాయి.

మనుషులతో పరీక్షించాలంటే ఎంత ఖర్చు? ఎంతమంది కావాలి?

ఐదుగురు, ఒక పూట, టీ ఖర్చులు. నీల్సన్, లాండౌర్ అనే పరిశోధకులు 1993లో కట్టిన లెక్క ప్రకారం ఒక్కో మనిషి సగటున 31 శాతం లోపాలను బయటపెడతాడు, ఐదుగురితో దాదాపు 85 శాతం తేలతాయి. మీ సైట్‌కి రోగులు, డాక్టర్లు అని రెండు రకాల వాళ్లు వస్తే ఒక్కో రకం నుంచి విడిగా పిలవాలి.

మీ ఆఫీసువాళ్లు, స్నేహితులు పనికిరారు, వాళ్లకి సైట్ ముందే తెలుసు. వాళ్ల ఫోన్‌లోనే, మొబైల్ డేటాతోనే చేయమనండి. ఆఫీసు వైఫైలో ఏ సైట్ అయినా బాగానే పరిగెడుతుంది.

పనిని కథలా చెప్పండి, మెనూ మాటలు వాడకండి. "అపాయింట్‌మెంట్ పేజీకి వెళ్లండి" అంటే దారి చూపేసినట్టే. "మీ అమ్మగారికి మోకాలి నొప్పి, శనివారం పొద్దున డాక్టరు గారికి చూపించాలి, ఏం చేస్తారు?" అని అడగండి. మనసులో ఏమనుకుంటున్నారో పైకి అంటూ చేయమనండి. "పరీక్ష సైట్‌కి, మీకు కాదు" అని ముందే చెప్పండి, లేకపోతే మొహమాటపడి తప్పంతా తమదే అంటారు.

ఆపైన మీరు నోరు తెరవకూడదు. ఇదే అన్నిటికన్నా కష్టం. వాళ్లు తప్పు చోట నొక్కుతుంటే సాయం చేయాలని నాలుక కొసదాకా వస్తుంది. ఆపుకోండి. "ఇది ఏంటండీ?" అని అడిగితే "మీకేమనిపిస్తోంది?" అని తిరిగి అడగండి. ఎక్కడ ఆగారు, ఎక్కడ వెనక్కి వెళ్లారు, ఏ మాట దగ్గర నుదురు ముడిపడింది, ఎంతసేపు పట్టింది, రాసుకోండి. చివర్లో "బాగుందా?" అని అడగొద్దు, మన ఊళ్లో ఎవరైనా బాగుందనే అంటారు. వాళ్లు చేసింది నమ్మండి.

ఐదుగురిలో ముగ్గురు తడబడిన చోటే ముందు దిద్దండి. దిద్దాక ఇంకో ఐదుగురిని పిలవండి. పదిహేను మందిని ఒకేసారి పిలవడం కంటే ఐదుగురు చొప్పున మూడుసార్లు పిలిస్తే మేలు, ఎందుకంటే దిద్దుబాటు కొత్త తప్పు తెచ్చిందేమో కూడా తెలుస్తుంది.

లైట్‌హౌస్ స్కోరు 100 వచ్చింది. ఇక చాలా?

లైట్‌హౌస్ అంటే సైట్‌ను పరీక్షించి మార్కులేసే గూగుల్ సాధనం. అది యంత్రం కొలవగలిగినవే కొలుస్తుంది. ఫొటోకి వివరణ ఉందా లేదా చెబుతుంది, ఆ వివరణకి అర్థముందో లేదో చెప్పలేదు. "సొల్యూషన్స్" అన్న మెనూకి కూడా నిండు మార్కులే ఇస్తుంది.

హైదరాబాద్‌లో ఇదంతా ఎక్కడ నేర్చుకోవచ్చు?

అమీర్‌పేట కోర్సుల్లో ఎక్కువగా తెరల డిజైన్ గీసే ఫిగ్మా అనే సాఫ్ట్‌వేర్ నేర్పుతారు. అది పనిముట్టు. ఉలి పట్టడం తెలిసినంత మాత్రాన కుర్చీలో ఎలా కూర్చుంటారో తెలియదు కదా. చేరేముందు మూడు ప్రశ్నలు అడగండి: బయటి మనుషులతో పరీక్ష చేయిస్తారా, హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్ ఉన్నాయా, స్క్రీన్ రీడర్‌తో పని ఉందా. మూడింటికీ లేదంటే డబ్బు దాచుకోండి. డిగ్రీగా చదవాలంటే కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో డిజైన్ విభాగం ఉంది. ఇంట్లోంచే అంటే ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో మనిషికీ కంప్యూటర్‌కీ మధ్య వ్యవహారం మీద ఐఐటీ అధ్యాపకుల పాఠాలు ఉచితంగా వినొచ్చు.

ఎక్కడ చేరినా చేరకపోయినా ఈ అభ్యాసం చేయండి. బస్ టికెట్ లాంటి ఒకే పనిని ఐదు సైట్లలో చేయండి. ప్రతిదాంట్లో ఎన్ని తెరలు దాటారు, ఎన్నిసార్లు నొక్కారు, ఎన్ని అక్షరాలు టైప్ చేశారు, ఎక్కడ ఆగి ఆలోచించారు, పట్టిక వేయండి. తర్వాత వాడుక సౌలభ్యానికి నీల్సన్ 1994లో ఖరారు చేసిన పది సూత్రాలను దగ్గర పెట్టుకుని, ఆగిన ప్రతి చోటా ఏ సూత్రం తప్పిందో రాయండి. వారానికి ఒక పని చొప్పున రెండు నెలలు చేస్తే కన్ను మారుతుంది.

పాత సైట్ మొత్తం తీసేసి కొత్తది చేయించాలా?

చాలాసార్లు అక్కర్లేదు. ఐదుగురి పరీక్షలో తేలినవాటిలో ముందు మాటలు మార్చండి, తర్వాత ఫారం, తర్వాత ఫొటోల బరువు. ఈ మూడూ పాత సైట్‌లోనే అవుతాయి. రోజూ వచ్చేవాళ్లకి పాత దారి అలవాటై ఉంటుంది, రాత్రికి రాత్రి అంతా మారిస్తే వాళ్లు కూడా కొత్తవాళ్లవుతారు.

తప్పనిసరై మారిస్తే, పాత పేజీల చిరునామాలన్నీ ఒక జాబితా రాసుకుని ప్రతిదాన్నీ కొత్త పేజీకి 301 రీడైరెక్ట్‌తో, అంటే శాశ్వత మళ్లింపుతో, కలపండి. అన్నిటినీ హోమ్ పేజీకి మళ్లించడం తప్పు, ఫీజుల కోసం వచ్చినవాళ్లు మళ్లీ వెతుక్కోవాలి. గూగుల్ కోసం ఈ మళ్లింపులను కనీసం ఏడాది ఉంచాలి. విజిటింగ్ కార్డుల మీద, షాపు బోర్డు మీద, పెళ్లి సంచుల మీద అచ్చయిన క్యూఆర్ కోడ్‌ల చిరునామాలను మాత్రం ఎప్పటికీ తీయకండి, ఏ ఇంటి గూట్లోనో ఉన్న సంచిని ఐదేళ్ల తర్వాత కూడా ఎవరో ఒకరు స్కాన్ చేస్తారు.